మేనకోడలికి ఉత్తరం: ట్రెడ్‌మిల్ కొనేముందు బెల్టు కింద చూడు

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. ఇంట్లోకి ట్రెడ్‌మిల్ కొందామనుకుంటున్నామని, ఏది తీసుకోవాలో చెప్పమని అడిగావు. నువ్వు పంపిన మూడు మోడళ్ళ వివరాలూ వరసగా చదివాను. మూడింటిలోనూ అన్నిటికంటే ముందు పెద్ద అక్షరాలతో ఉన్నది తెర ఎన్ని అంగుళాలు, ప్రోగ్రాములు ఎన్ని, స్పీకర్లు ఉన్నాయా లేవా అన్నదే. బెల్టుని తిప్పే రోలర్ల వ్యాసం, బెల్టు కింది పలక అయిన డెక్ మందం, మోటార్ ఆగకుండా ఇవ్వగలిగే శక్తి (కంటిన్యుయస్ హెచ్.పి., అంటే హార్స్‌పవర్) ఎక్కడో అడుగున ఉన్నాయి. ఒకదాంట్లో అవి అసలే లేవు. మిషను ఎన్నేళ్ళు పనిచేస్తుందో తేల్చేవి ఆ అడుగున దాక్కున్న అంకెలే. అందుకని ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం బెల్టు కింద సంగతులే రాస్తున్నాను. తెర గురించి రెండు ముక్కలు చాలు.

ముందు ఎవరెవరు, ఎలా వాడతారో ఒక కాగితం మీద రాసుకో. నువ్వు జాగింగ్ చేస్తానన్నావు. అల్లుడుగారు ఆరడుగుల మనిషి, బరువు 95 కిలోలు, మొదట్లో నడకే. మీ అత్తగారు గంటకు 2 నుంచి 3 కిలోమీటర్ల వేగంతో మెల్లగా నడుస్తారు. ఈ ముగ్గురిలో మిషన్ని ఎక్కువ కష్టపెట్టేది నీ పరుగే అని ఎవరైనా అనుకుంటారు. మోటార్ వరకూ చూస్తే సంగతి వేరు. బరువైన మనిషి నెమ్మదిగా నడిచినప్పుడు పాదం బెల్టు మీద ఎక్కువసేపు ఆనుతుంది. ఆ బరువు కింద నలిగే బెల్టుని లాగడానికి మోటార్ ఎక్కువ బలం పెట్టాలి, అంటే ఎక్కువ కరెంటు తీసుకోవాలి. మోటార్ని చల్లబరిచే ఫ్యాను చాలా మిషన్లలో దాని ఇరుసుకే బిగించి ఉంటుంది. మోటార్ నెమ్మదిగా తిరిగితే ఫ్యానూ నెమ్మదిగానే తిరుగుతుంది. వేడి పుట్టడం ఎక్కువ, పోవడం తక్కువ. కాబట్టి మీ ఇంటికి మోటార్ ఎంచుకునేటప్పుడు అల్లుడుగారి నడకని లెక్కలోకి తీసుకో. బెల్టు పొడుగు, కుషనింగ్ ఎంచుకునేటప్పుడు నీ పరుగుని, ఆయన ఎత్తుని చూసుకో. కడ్డీలు, మొదలయ్యే వేగం మీ అత్తగారికి కుదరాలి.

ఇక మోటార్. ప్రకటనల్లో కనిపించే హెచ్.పి. అంకె చాలాసార్లు పీక్ హెచ్.పి. అంటే మోటార్ కొన్ని క్షణాలు మాత్రమే ఇవ్వగలిగే శక్తి. నీకు కావలసింది కంటిన్యుయస్ హెచ్.పి., అంటే గంటసేపు ఆగకుండా తిరిగినా ఇవ్వగలిగేది. నడకకి 2, జాగింగుకి 2.5, రోజూ గట్టిగా పరుగెత్తేవాళ్ళకి 3, ఆ పైన ఉండాలి. మీ ముగ్గురికీ కలిపి 2.5కి తగ్గొద్దు, 3 దొరికితే మంచిది. చెప్పిన అంకె నిజమో కాదో కొంతవరకు నువ్వే తేల్చుకోవచ్చు. మిషను ముందు భాగంలో, కరెంటు తీగ దూరే చోట ఒక చిన్న రేటింగ్ ప్లేటు అంటించి ఉంటుంది. దాని మీద వోల్టులు, ఆంపియర్లు రాసి ఉంటాయి. ఆ రెంటినీ గుణిస్తే వాట్లు. 1 హెచ్.పి. అంటే 746 వాట్లు. ఉదాహరణకి ప్లేటు మీద 230 వోల్టులు, 8 ఆంపియర్లు అని ఉంటే 1,840 వాట్లు, అంటే సుమారు 2.5 హెచ్.పి. అందులో కొంత వేడిగా పోతుంది కాబట్టి బెల్టుకి చేరేది ఇంకా తక్కువే. అలాంటి మిషను మీద ‘5 హెచ్.పి.’ అని స్టిక్కరు ఉంటే అది పీక్ అంకె అని నిశ్చింతగా అనుకోవచ్చు.

ఇళ్ళకి వచ్చేవాటిలో ఎక్కువ డీసీ మోటార్లే, వాటికి తప్పు పట్టనక్కర్లేదు. ఏసీ మోటార్లు జిమ్ముల్లో రోజంతా తిరిగే మిషన్లకి. ఇంటికి దానికోసం అదనంగా ఖర్చు పెట్టడం అనవసరం. డీసీ మోటార్లో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు ఉంటే అవి అరిగిపోతాయి, మార్చుకోవచ్చు. బ్రష్షులు బయటినుంచే విప్పేలా ఉన్నాయా, మోటార్ మొత్తం ఊడదీయాలా అని సర్వీసువాళ్ళని అడుగు.

చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. ట్రెడ్‌మిల్ బెల్టు గాల్లో తిరగదు. కింద డెక్ అనే చెక్క పలక ఉంటుంది, బెల్టు దాని మీద జారుతుంది. నువ్వు అడుగు వేసిన ప్రతిసారీ నీ బరువంతా బెల్టుని ఆ పలకకేసి నొక్కుతుంది. రెంటి మధ్యా పలచని సిలికాన్ ఆయిల్ పొర ఉన్నంతకాలం బెల్టు హాయిగా జారుతుంది. అది ఎండిపోతే రాపిడి పెరుగుతుంది. రాపిడి పెరిగితే మోటార్ ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ కరెంటంతా మోటార్ వేగాన్ని అదుపు చేసే కంట్రోలర్ బోర్డు గుండా పోవాలి కాబట్టి బోర్డు వేడెక్కి ఒకరోజు కాలిపోతుంది. యజమాని ‘బోర్డు పోయింది, ఎలక్ట్రానిక్సు నాసిరకం’ అంటాడు. కొత్త బోర్డు వేస్తారు. ఎండిపోయిన బెల్టు మాత్రం అలాగే ఉంటుంది, కాబట్టి కొత్తదీ కాలిపోతుంది. ట్రెడ్‌మిల్లు చెడిపోవడానికి ఇంతకంటే మామూలు దారి ఇంకొకటి లేదు. కొనేటప్పుడు చూడవలసినవీ, కొన్నాక చేయవలసినవీ చాలావరకు ఈ ఒక్క రాపిడిని అదుపులో పెట్టడానికే.

డెక్ 18 మి.మీ. మందానికి తగ్గకూడదు. మంచివాటిలో 22 నుంచి 25 మి.మీ. దాకా ఉంటుంది. పైన నున్నటి గట్టి పూత ఉండాలి. కొన్ని డెక్కులు రెండువైపులా వాడుకునేలా చేస్తారు. ఒకవైపు అరిగాక తిప్పి బిగించుకోవచ్చు. ఇది నిజంగా పనికొచ్చే సౌకర్యం. బెల్టు రెండు పొరలదై ఉండాలి. ఒకే పొర బెల్టులు త్వరగా అంచులు ముడుచుకుంటాయి. రోలర్లు ఎంత లావుంటే అంత మంచిది. సన్నటి రోలర్ చుట్టూ బెల్టు ప్రతి తిప్పుకీ గట్టిగా వంగాల్సి వస్తుంది, దాన్ని జారకుండా పట్టాలంటే ఎక్కువ బిగించాలి, ఆ బిగువంతా బేరింగుల మీద పడుతుంది. పైగా అదే వేగానికి సన్న రోలర్ ఎక్కువ చుట్లు తిరగాలి. 4 సెం.మీ. లోపు వ్యాసం ఉన్నది వద్దు. 5 సెం.మీ. పైన ఉంటే మీకు సరిపోతుంది. 6 దాటితే ఇంకా నయం. షాపులో ఈ అంకె అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. మిషను వెనక చివర వంగి చూస్తే రోలర్ కనిపిస్తుంది, టేపు పెట్టి నువ్వే కొలుచుకో.

బెల్టు కొలతల్లో అడుగు పడే చోటే లెక్క. పక్కన కాళ్ళు పెట్టుకునే పట్టీలను కలిపి చెప్పిన వెడల్పు నీకు పనికిరాదు. నడకకి 45 సెం.మీ. వెడల్పు, 120 నుంచి 130 పొడవు చాలు. నీ జాగింగుకి 50 వెడల్పు, 140 పొడవు. ఆరడుగుల మనిషి పరుగెత్తాలంటే పొడవు 150 దాకా ఉండాలి. అల్లుడుగారు ఆర్నెల్లకి నడక నుంచి పరుగులోకి దిగుతారన్న నమ్మకం ఉంటే ఇప్పుడే 150 తీసుకోండి. పొట్టి బెల్టు మీద పొడుగాటి మనిషి తెలియకుండానే అంగ తగ్గించి, ముందు తెర, మీటలు ఉండే కన్సోలుకి దగ్గరగా ముడుచుకుని పరుగెడతాడు. కొన్నాళ్ళకి మోకాలు, నడుము పట్టేస్తాయి.

కుషనింగ్ అంటే డెక్ కింద ఉండే రబ్బరు దిమ్మలు. మెత్తగా ఉంటే కీళ్ళకి మంచిదని షాపువాళ్ళు చెబుతారు, అది కొంతవరకే నిజం. మరీ మెత్తగా ఉంటే పాదం కుంగి పక్కకి ఒరుగుతుంది, మీ అత్తగారిలాంటి వాళ్ళకి తూలినట్టుంటుంది. ముందుభాగం కాస్త మెత్తగా, కాలు వెనక్కి తన్నే చోట గట్టిగా ఉన్నది మేలు.

ఇంక్లైన్ (డెక్ ముందు చివర లేచి, ఎత్తు ఎక్కుతున్నట్టు చేసే ఏర్పాటు) విషయంలో నేను గట్టిగానే చెబుతాను. మోటారుతో లేచే ఇంక్లైన్ ఉన్నదే తీసుకో. దాని వల్ల కలిగే లాభం అంకెల్లోనే కనిపిస్తుంది. వ్యాయామ శాస్త్రంలో వాడే నడక సూత్రం ప్రకారం గంటకు 5 కిలోమీటర్ల వేగంతో సమతలం మీద నడిచేవాడి శరీరం కిలో బరువుకి నిమిషానికి సుమారు 12 మి.లీ. ఆక్సిజన్ వాడుతుంది. అదే వేగంతో 5 శాతం ఎత్తులో (అంటే 100 సెం.మీ. దూరానికి 5 సెం.మీ. లేస్తే) 19 దాటుతుంది, 10 శాతం ఎత్తులో 27 దగ్గరికి వస్తుంది. అంటే అల్లుడుగారు పరుగెత్తకుండా, మోకాళ్ళకి దెబ్బ తగలకుండా, నడకతోనే శ్రమని రెట్టింపు చేసుకోవచ్చు. చేత్తో పిన్ను మార్చి రెండు మూడు ఎత్తులు పెట్టుకునే మిషన్లు ఉంటాయి. ప్రతిసారీ దిగి, వెనక్కి వంగి మార్చాలి కాబట్టి వారం తర్వాత ఎవరూ మార్చరు. 10 నుంచి 12 శాతం దాకా లేచేది చాలు. ఒక జాగ్రత్త ఉంది. ఎత్తు పెట్టుకుని కడ్డీలు పట్టుకుని వెనక్కి వాలి నడిస్తే ఎత్తు ఉన్నా లేనట్టే. తెర మీద కేలరీలు మాత్రం పెరుగుతూ ఉంటాయి. ఇంకో సంగతి నీకోసం. ఆరుబయట పరుగుకి సమానమైన శ్రమ కావాలంటే 1 శాతం ఎత్తు పెట్టుకోమని 1996లో జోన్స్, డౌస్ట్ అనే పరిశోధకులు చూపించారు. అది వేగంగా పరుగెత్తేటప్పుడు గాలి అడ్డు లేని లోటుని పూడ్చడానికి. నడకకి అవసరం లేదు.

ఫ్రేము సంగతికొస్తే, కాగితం మీద ‘గరిష్ఠ బరువు 100 కిలోలు’ అని ఉన్నదాని మీదికి 95 కిలోల మనిషిని ఎక్కించొద్దు. కనీసం 25 కిలోల తేడా ఉండాలి, కాబట్టి మీకు 120 అని రాసి ఉన్నది తీసుకోండి. మిషను సొంత బరువూ అడుగు. రెండు మిషన్లలో మిగతా అంకెలన్నీ ఒకటే అయి, ఒకటి 50 కిలోలు, ఇంకొకటి 85 కిలోలు ఉంటే ఆ 35 కిలోల తేడా ఇనుములోనూ, రోలర్లలోనూ, డెక్‌లోనూ ఉంటుంది. మడిచే రకం తప్పేమీ కాదు, మీ గదికి అదే కుదురుతుంది కూడా. కింద గ్యాస్ షాకర్ ఉందో లేదో చూడు, అది ఉంటే డెక్ దభీమని పడకుండా మెల్లగా దిగుతుంది. చేతికడ్డీలు లేని పలచటి వాకింగ్ ప్యాడ్ల గురించి అడిగావు. బల్ల కింద పెట్టుకుని గంటకు 3 కిలోమీటర్ల వేగంతో నడుస్తూ పని చేసుకునేవాళ్ళకి అవి బాగానే ఉంటాయి. పరుగుకీ, పెద్దవాళ్ళకీ పనికిరావు.

తెర గురించి చెబుతానన్న రెండు ముక్కలు. వేగం, సమయం, దూరం, ఎత్తు ఒకే చూపులో కనిపిస్తే చాలు. నెలనెలా చందా కడితేనే అన్ని మీటలూ పనిచేసే మిషన్లు వస్తున్నాయి. చందా ఆపేస్తే ఏమేం పనిచేస్తాయో ముందే రాతపూర్వకంగా తెలుసుకో. కడ్డీల మీది గుండె వేగం సెన్సార్లని నమ్మొద్దు, పరుగులో చెయ్యి కదిలితే అంకె తప్పుతుంది. నీకు గుండె వేగం ముఖ్యమైతే ఛాతీ పట్టీ వాడు.

ఇప్పుడు గది. టేపు తీసుకుని మూడు కొలతలు రాసుకో. మిషను పొడవు, దాని వెనక కనీసం 2 మీటర్ల ఖాళీ, రెండు పక్కలా అర మీటరు చొప్పున. వెనక గోడ ఉంటే, జారిపడిన మనిషి తిరుగుతున్న బెల్టుకీ గోడకీ మధ్య ఇరుక్కుంటాడు. బెల్టు వాళ్ళని గోడకేసి నొక్కుతూ చర్మం ఒరిపిడి పెడుతూనే ఉంటుంది. మిషన్ని గోడకి ముఖం పెట్టి ఉంచడమే సరైన పద్ధతి. గది అందంగా కనిపించాలని తిప్పి పెట్టొద్దు. ఎత్తు కొలత చాలామంది మర్చిపోతారు. అల్లుడుగారి ఎత్తు 183 సెం.మీ., డెక్ నేలనుంచి 20, 150 సెం.మీ. బెల్టుకి 12 శాతం ఎత్తు పెడితే ముందు చివర 18, పరుగులో తల లేచేందుకు 15. మొత్తం 236 సెం.మీ. పైకప్పుకి వేలాడే ఫ్యాను రెక్కలు ఇంతకంటే కిందుంటే ఆ చోటు పనికిరాదు.

కరెంటు కోసం ఎర్త్ సరిగా ఉన్న పెద్ద సాకెట్ కావాలి, ఆ లైను మీద ఏసీ, గీజర్ లాంటివి ఉండకూడదు. ఎక్స్‌టెన్షన్ తీగ పెట్టొద్దు. సన్నటి పొడుగు తీగలో వోల్టేజి పడిపోతుంది, మోటార్ అదే పని చేయడానికి ఎక్కువ కరెంటు లాగి బోర్డుని వేడెక్కిస్తుంది. అపార్ట్‌మెంటు కాబట్టి ఇంకొకటి. గది నడిమధ్య శ్లాబు ఎక్కువ కదులుతుంది. బీము మీదుగా, గోడకి దగ్గరగా పెడితే కింది ఇంటివాళ్ళకి శబ్దం తగ్గుతుంది. కింద గట్టి రబ్బరు మ్యాట్ వెయ్యి. కార్పెట్ మీద నేరుగా పెడితే దాని నూగు మోటార్లోకి చేరుతుంది.

చిన్నవాడు ఇంట్లో తిరుగుతూ ఉంటాడు కాబట్టి ఇది శ్రద్ధగా చదువు. ట్రెడ్‌మిల్‌కి అన్నిటికంటే ప్రమాదమైన చోటు వెనక చివర, బెల్టు రోలర్ కిందికి దూరే సందు. 2021 మే నెలలో అమెరికాలో ఒక కంపెనీ సుమారు 1,25,000 ట్రెడ్‌మిల్లులను వెనక్కి తీసుకోవలసి వచ్చింది, అంతకుముందు ఒక ఆరేళ్ళ బిడ్డ వెనకనుంచి మిషను కిందికి లాక్కుపోబడి చనిపోయాడు. కొనేటప్పుడు వెనక చివరకి, నేలకి మధ్య ఖాళీ ఎంతో చూడు. రోలర్ చివరలకి ప్లాస్టిక్ కవరు ఉండాలి. బెల్టు తిరుగుతున్నప్పుడు పిల్లవాడు ఆ గదిలో ఉండకూడదు, తలుపు వేసుకోండి. ఎర్రటి సేఫ్టీ కీ తీసేస్తే మిషను మొదలవదు. నడక అయిపోగానే దాన్ని తీసి బీరువాలో పెట్టడం, ప్లగ్గు పీకడం ఇద్దరూ అలవాటు చేసుకోవాలి. నడిచేటప్పుడు ఆ కీ తాడు క్లిప్పు బట్టలకి తగిలించుకోవాలి. మీ అత్తగారికైతే ఇది తప్పనిసరి.

షాపులో చూడకుండా కొనొద్దు. పరుగు బూట్లు వేసుకుని, అల్లుడుగారిని వెంటబెట్టుకుని వెళ్ళు. ముందు ఆయన్ని ఎక్కించి గంటకు 2 కిలోమీటర్ల వేగం పెట్టమను. నువ్వు పక్కన వంగి బెల్టు అంచుని చూస్తూ ఉండు. ఆయన పాదం పడిన ప్రతిసారీ బెల్టు ఒక్క క్షణం తడబడి మళ్ళీ అందుకుంటే ఆ మోటారో బోర్డో ఆయన బరువుకి చాలదు. మోటార్ గొంతు కూడా అడుగడుగునా కిందికి దిగి లేస్తుంటుంది. తర్వాత నువ్వెక్కి నీ జాగింగ్ వేగంలో పది నిమిషాలు పరుగెత్తు. కన్సోలు ఊగుతుందా, కడ్డీలు కొట్టుకుంటున్నాయా చూసుకో. ఇంక్లైన్ పూర్తిగా ఎత్తి దించు, మధ్యలో కీచుమంటే వదిలెయ్. ఆపే మీట చూడకుండా చేతికి అందాలి. మొదలుపెట్టగానే బెల్టు గంటకు 1 కి.మీ. లేదా అంతకంటే తక్కువ వేగంతో కదలాలి. ఒక్కసారిగా దూకేది పెద్దవాళ్ళున్న ఇంటికి తేవద్దు.

తెర చూపించే వేగం నిజమేనా అన్నది కూడా ఇంట్లో తేల్చుకోవచ్చు. బెల్టు అంచున చిన్న కాగితపు టేపు ముక్క అంటించి, చేత్తో తిప్పుతూ బెల్టు మొత్తం చుట్టుకొలత కొలువు. సాధారణంగా 3 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. 5 కి.మీ. వేగం పెట్టి, ఒకరు నడుస్తుండగా ఇంకొకరు గుర్తు 20 సార్లు రావడానికి ఎంతసేపు పట్టిందో చూడాలి. బెల్టు సరిగ్గా 3 మీటర్లైతే 60 మీటర్లు, 43 సెకన్లు పట్టాలి. 46 పట్టిందంటే నిజమైన వేగం 4.7. ఖాళీ బెల్టుతో చూస్తే ప్రయోజనం లేదు, మనిషి ఎక్కినప్పుడు తగ్గేదే తెలియాలి.

వారంటీ కాగితంలో ‘ఫ్రేముకి జీవితకాలం’ అన్నది చూసి మురిసిపోకు, ఫ్రేములు పోవడం అరుదు. పోయేవి బోర్డు, బెల్టు, డెక్, ఇంక్లైన్ మోటార్. వీటికి ఎన్నేళ్ళు, మనిషి ఇంటికొచ్చి చేసే కూలీ కూడా కలిసి ఉందా, విడిభాగాలు ఎక్కడినుంచి వస్తాయి, ఎన్నాళ్ళు పడుతుంది, ఇవి అడుగు. మాన్యువల్‌లో అక్షరాలతో ఒక తరగతి ఉంటుంది. హెచ్ అంటే ఇంటి వాడకానికి, ఎస్ అంటే జిమ్ములాంటి చోట్లకి. హెచ్ తరగతి మిషన్ని అపార్ట్‌మెంటు క్లబ్బులో పెడితే వారంటీ చెల్లకపోవచ్చు. మీకు హెచ్ చాలు.

సెకండ్‌హ్యాండు తీసుకునే ఆలోచన ఉంటే, మంచి మిషను సగం వాడినది, నాసిరకం కొత్తదానికంటే మేలు. ఒకటే షరతు. ప్లగ్గు తీసి బెల్టుని పక్కనుంచి ఎత్తి డెక్ మీద చెయ్యి పెట్టి నిమురు. నున్నగా, కాస్త జిడ్డుగా ఉంటే సరే. గరుకుగా ఉన్నా, పాదం పడే చోట గుంట తగిలినా, పూత లేచిపోయి గోధుమరంగు చెక్క కనిపించినా బెల్టు, డెక్ రెండూ మార్చాల్సిందే. ఒక్క బెల్టే మారిస్తే పాత డెక్ కొత్త బెల్టుని కొరికేస్తుంది.

మిషను వచ్చాక బిగించేటప్పుడు బోల్టులన్నీ ముందు వేళ్ళతో సగం దాకా ఎక్కించి, అన్నీ కుదిరాకే గట్టిగా బిగించమను. ఒక్కొక్కటీ పూర్తిగా బిగించుకుంటూ పోతే చివరి రంధ్రాలు కలవవు. తర్వాత స్పిరిట్ లెవెల్ పెట్టి కాళ్ళు సరిచేయాలి. నేల ఏటవాలుగా ఉంటే బెల్టు ఒకవైపుకి పోతూనే ఉంటుంది. మొదటి వారంలో బెల్టు కొంచెం పక్కకి జరగడం మామూలే. వెనక చివర రెండు బోల్టులుంటాయి. మనిషి లేకుండా 4 లేక 5 కి.మీ. వేగం పెట్టి, బెల్టు ఎడమకి పోతుంటే ఎడమ బోల్టుని అలెన్ కీతో కుడివైపు పావు తిప్పు తిప్పి రెండు నిమిషాలు ఆగి చూడు. కుడికి పోతుంటే కుడి బోల్టు. ఆగకుండా వరసగా తిప్పితే బెల్టు రెండోవైపుకి ఉరికి అంచు చిరుగుతుంది. అడుగు వేసినప్పుడు బెల్టు జారుతుంటే రెండు బోల్టులూ సమానంగా పావు తిప్పు చొప్పున బిగించాలి. బిగువు సరిపోయిందో లేదో తెలియాలంటే, మిషను ఆపి, బెల్టు మధ్యలో అంచు పట్టుకుని ఎత్తు. 5 నుంచి 7 సెం.మీ. లేస్తే సరి. వీణ తీగలా బిగిస్తే బేరింగులు పోతాయి. బిగించినా జారుతూనే ఉంటే ముందు రోలర్ని చూడు. బెల్టు ఆగినా రోలర్ తిరుగుతుంటే జారేది నడిచే బెల్టే. రోలర్ కూడా ఆగిపోయి మోటార్ ఒక్కటే తిరుగుతుంటే లోపలి డ్రైవ్ బెల్టు వదులైంది. అది సర్వీసువాళ్ళ పని.

ఆయిల్ విషయం మాన్యువల్ చూసి చెయ్యి. మైనం పూసి వచ్చే డెక్కులు కొన్ని ఉంటాయి, వాటికి ఆయిల్ వేయకూడదు. మిగతావాటికి నూరు శాతం సిలికాన్ ఆయిలే. ఇంజన్ ఆయిలు, కుట్టు మిషను నూనె, తుప్పు వదిలించే స్ప్రేలు బెల్టు అడుగు బట్టని, జిగురుని పాడుచేస్తాయి. మూడు నెలలకోసారి ప్లగ్గు తీసి, బెల్టు ఎత్తి, నడిమధ్య దాకా వేళ్ళు పోనిచ్చి తడిమి చూడు. పొడిగా అనిపిస్తే ఒక్కో పక్కనుంచి 10 నుంచి 15 మి.లీ. వంకరటింకరగా లోపలికి వేసి, ఐదు నిమిషాలు మెల్లగా, బెల్టు వెడల్పంతా అడుగులు పడేలా నడవాలి. ఎక్కువైతే బెల్టు జారుతుంది, కారిన ఆయిల్ దుమ్ము పట్టుకుంటుంది. ఆర్నెల్లకోసారి ముందు మూత విప్పి వాక్యూమ్‌తో దుమ్ము తీయించు. ప్లగ్గు పీకిన వెంటనే లోపల చెయ్యి పెట్టొద్దు, బోర్డు మీది కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది. పది నిమిషాలు ఆగాలి.

నువ్వు పంపిన మూడింటిలో మొదటిదాన్ని వదిలెయ్, 42 సెం.మీ. వెడల్పు బెల్టు మీ ఇద్దరికీ చాలదు. మూడోదాని తెర బాగుంది కానీ డెక్ మందం, రోలర్ వ్యాసం ఎక్కడా రాయలేదు, అడిగి సమాధానం రాకపోతే దాన్నీ వదిలెయ్. రెండోది చూడదగ్గది. దాని రేటింగ్ ప్లేటు, వెనక రోలర్ చివర, వారంటీ కాగితం మూడూ ఫోటో తీసి పంపు. అవి చూశాకే డబ్బు కట్టండి.

మీ మామయ్య